మొద్దు పిల్ల వేషం

ఆగస్టు 4

తాతకు దగ్గులు నేర్పడం అంటే ఏమిటో ఈరోజు కళ్ళారా చూశాను. ఆ తాతను నేనే. ఎనిమిదేళ్ళుగా ఆరో తరగతికి లెక్కలు చెబుతున్న మనిషిని ట్రైనింగ్ కాలేజీలో బెంచీ మీద కూర్చోబెట్టి, సుద్దముక్క ఎలా పట్టుకోవాలో, బోర్డు ఏ మూల నుంచి రాయాలో, పిల్లలకు వీపు చూపించకుండా ఎలా నిలబడాలో ఒక పూటంతా చెప్పారు. నా చుట్టూ ఉన్నవాళ్ళంతా మొన్నమొన్న డిగ్రీ చేతికొచ్చిన పిల్లకాయలు. మొదటి గంట గడవకముందే నాకు పెద్దక్క అని పేరు పెట్టేశారు. ముప్పై ఆరేళ్ళకే ముసలిదాన్నైపోయాను.

చేసేదేముంది. ట్రైనింగ్ లేని టీచర్లను ఇక ఉంచుకోకూడదని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. మా స్కూలు కరస్పాండెంట్ గారు మర్యాదగానే చెప్పారు.

"మీ పాఠం గురించి నాకేం అనుమానం లేదమ్మా. కానీ వచ్చే ఏడాది బడి తెరిచే రోజుకి సర్టిఫికెట్ నా టేబుల్ మీద ఉండాలి. లేదంటే మీ క్లాసు ఇంకొకరికి ఇచ్చెయ్యక తప్పదు."

నా క్లాసు ఇంకొకరికి! ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతోంది. సరే, కాగితమే కదా. తెచ్చి పడేస్తాను.

ఆగస్టు 11

చార్టుకు రంగులు వేశాను. నీలం, ఆకుపచ్చ. దీనికి ఒక ట్రైనింగు.

ఆగస్టు 23

ఇక్కడ మైక్రో టీచింగ్ అని ఒక తమాషా ఉంది. అసలు పిల్లల దగ్గరకు పంపే ముందు మాలో ఒకరు టీచరవుతారు, మిగిలినవాళ్ళమంతా ఆరో తరగతి పిల్లలమవుతాం. గడ్డాలు పెంచినవాళ్ళు చేతులు కట్టుకుని "గుడ్ మార్నింగ్ సార్" అని రాగం తీస్తుంటే నవ్వాపుకోలేక చచ్చాను. ఎలా బోధించాలో మాకు బోధించే మెథడ్స్ మేడమ్ చీటీలు వేయిస్తుంది. ఒకరు చురుకైన పిల్ల, ఒకరు అల్లరి పిల్లాడు, ఒకరు మొద్దు పిల్ల. ఎవరికి ఏ చీటీ వస్తే ఆ వేషం కట్టాలి. టీచరైన మనిషి కాసేపు పాఠం చెప్పాలి.

నాకు మొద్దు పిల్ల వచ్చింది. తీరా చూస్తే పాఠం చెప్పేవాడు నత్త. అసలు పేరుతో ఎవరూ పిలవరు. అతను ఒక మాట మొదలుపెట్టి రెండో మాట దగ్గరికి వచ్చేలోపు మనం టీ తాగి రావచ్చు. బోర్డు మీద ఆరు వేసి, భాగహారం గుర్తు పెట్టి, పక్కన అర వేశాడు. జవాబు పన్నెండు. పక్కనున్న భిన్నాన్ని తిరగేసి గుణిస్తే వచ్చేస్తుంది. నన్ను నిద్రలో లేపి అడిగినా చెబుతాను. అయితే వేషం కట్టాను కదా, చెయ్యెత్తాను.

"సార్, భాగిస్తే తగ్గాలి కదా సార్. ఆరు కాస్తా పన్నెండెట్లా అయింది? పంచితే పెరిగేది ఎక్కడన్నా ఉందా?"

క్లాసంతా గొల్లుమంది. మేడమ్ అయితే చప్పట్లు కొట్టింది. "చూశారా! పిల్లల బుర్రలో దూరి బయటికొచ్చి అడిగినట్టు అడిగింది. వేషమంటే అట్లా ఉండాలి."

నత్త ఒక్కడే నవ్వలేదు. నా ముఖంలోకి అదే పనిగా చూశాడు. తర్వాత మెల్లగా నడిచొచ్చి ఆరు తెల్లకాగితాలు నా బల్ల మీద పెట్టాడు.

"ఒక్కో పిల్లకి సగం కాగితం చాలు. ఎంతమందికి సరిపోతాయో... నువ్వే చూడమ్మా."

చించాను. ఒకటి రెండైంది, రెండు నాలుగైంది. బల్ల నిండా ముక్కలు. పన్నెండు మందికి వచ్చాయి. ఆరులో అరలు ఎన్ని ఉన్నాయని అడుగుతోంది ఆ లెక్క. ఎవరికో పంచి తగ్గించమని అడగడం లేదు. ఇన్నేళ్ళుగా బోర్డు మీద ఆ గుర్తు పెడుతున్నానే, అది మాత్రం ఇన్నాళ్ళూ ఈ ప్రశ్నే అడుగుతూ ఉంది.

ఒళ్ళు జల్లుమంది. వెంట్రుకలు లేచి నిలబడ్డాయి. నిజం. మేడమ్ గంట కొట్టాక కూడా నేను ముక్కలు చూస్తూ కూర్చున్నానట. వేషంలో మరీ లీనమైపోయి ఉంటాను.

ఆగస్టు 24

మా ఆయనకు చెప్పాను. ఈయన ఎలక్ట్రీషియన్. చేతిలో ఎప్పుడూ స్క్రూడ్రైవరు, నోట్లో ఎప్పుడూ వేళాకోళం.

"మొద్దు పిల్ల వేషమా? ఇంట్లో ఒక్కసారన్నా వెయ్యలేదేం? ఇక్కడెప్పుడూ అన్నీ తెలిసినావిడ వేషమేనాయె."

ఆరు కాగితాలు తెచ్చి ఆయన ముందు చించి చూపించాను. చూసి, "ఆఁ, అంతేగా" అని ఫ్యాన్ రెగ్యులేటర్ బిగించుకున్నాడు. ఈ మనిషికి పుట్టుకతోనే ఆశ్చర్యం అనేది ఇవ్వడం మర్చిపోయారు.

ఇల్లంతా కాగితం ముక్కలు. ఊడవబుద్ధి కాలేదు.

సెప్టెంబరు 15

నా వేషానికి గిరాకీ పెరిగింది. ఇప్పుడు చీటీలు కూడా తియ్యడం లేదు. "పెద్దక్కా, రేపు నా పాఠానికి మొద్దు పిల్ల వేషం నువ్వే కట్టాలి" అని ముందే బుక్ చేసుకుంటున్నారు. నేను ప్రశ్న అడిగితే మేడమ్ చిరునవ్వు నవ్వుతుంది, పాఠం చెప్పేవాళ్ళకు చెమటలు పడతాయి. ఇంత పేరు నాకు ఎనిమిదేళ్ళ ఉద్యోగంలో రాలేదు.

ఈరోజు సైన్సు పాఠం. దుప్పటి ఎందుకు వెచ్చగా ఉంటుంది అనేది విషయం. "దుప్పటికి వేడి ఎక్కడి నుంచి వస్తుంది టీచర్? పొద్దంతా అలమరలో చల్లగానే ఉంది కదా" అని అడిగాను. ఆ అమ్మాయి నీళ్ళు నమిలి, పుస్తకం తిప్పి, చివరికి చెప్పింది. దుప్పటిలో వేడేమీ లేదట. ఆ వేడి మనదేనట. మన ఒంటి వేడిని బయటికి పోనివ్వకుండా పట్టి ఉంచడమే దాని పనట.

ఇంటికొచ్చి దుప్పటి కప్పుకుని పట్టపగలు పడుకున్నాను. మెల్లగా వెచ్చబడింది. ఈ వేడి నాదే! చిన్నప్పటి నుంచి నన్ను నేనే వెచ్చగా ఉంచుకుంటున్నాను, ఎవరూ చెప్పలేదు. మా ఆయన వచ్చి నుదుటి మీద చెయ్యి వేసి "జ్వరమా?" అన్నాడు. కాదన్నాను. ఎందుకు నవ్వుతున్నానో చెప్పలేదు.

సెప్టెంబరు 28

మొద్దు పిల్ల ఏమేం అడుగుతుందో ముందే ఆలోచించి పెట్టుకుందామని కూర్చున్నాను. ఆలోచించే పనే పడలేదు, వాటంతట అవే వచ్చేస్తున్నాయి. సున్నాతో ఎందుకు భాగించకూడదు? రెండు రుణ సంఖ్యలు గుణిస్తే ధన సంఖ్య ఎలా అవుతుంది? త్రికోణం కోణాలన్నీ కలిపితే ప్రతిసారీ అంతే ఎందుకు రావాలి, ఒక్క త్రికోణమైనా ఎదురు తిరగదా?

ఒక పేజీ నిండింది. రెండోదీ నిండింది. నటనలో చెయ్యి తిరగడమంటే ఇదే కాబోలు.

అక్టోబరు 10

మెట్ల దగ్గర నత్త ఆపాడు. ఎవరూ లేరు.

"పెద్దక్కా... ఒకటడుగుతా, ఏమనుకోవద్దు."

"అడుగు తమ్ముడూ. తెల్లారేలోపు అడుగు."

"ఆ రోజు కాగితాలప్పుడు... నీకు నిజంగానే తెలీదు కదూ?"

నా నోరు మంచిది కాదు. అది నాకు తెలుసు. నువ్వు పలక పట్టుకునే రోజుల్లో నేను బోర్డు ముందు నిలబడ్డానన్నాను. నా చేతికింద చదివిన పిల్లలు ఎంతమంది పాసయ్యారో లెక్క తెలుసా అన్నాను. గుడ్డొచ్చి పిల్లను వెక్కిరించిందన్నాను. అతను అన్నీ విని, తల వంచుకుని, "సారీ అక్కా" అని వెళ్ళిపోయాడు. దానికి కూడా బోలెడంత సేపు పట్టింది.

ఎంత పొగరు! తెలీదట!

అక్టోబరు 11

నత్తతో మాట్లాడలేదు.

అక్టోబరు 14

నత్తతో మాట్లాడలేదు. రేపటి నుంచి మొద్దు పిల్ల వేషం వెయ్యనని మేడమ్‌తో చెప్పాను. గొంతు బాగాలేదన్నాను.

నవంబరు 18

అసలు పిల్లల దగ్గరికి పంపారు. కాలేజీ వెనక వీధిలో స్కూలు, ఆరో తరగతి. గదిలో అడుగుపెట్టగానే ప్రాణం లేచొచ్చింది. సుద్ద వాసన, తడి గొడుగులు, కిటికీ పక్కన సీటు కోసం చిన్న కొట్లాట. ఇది నా రాజ్యం. గలగలా చెప్పుకుపోయాను. పిల్లలందరూ తలలూపారు. మేడమ్ వెనక కూర్చుని రాసుకుంది. ఒక్కటే మాట రాసి ఇచ్చింది: "చాలా బాగా చెప్పారు. వాళ్ళేం నేర్చుకున్నారో నాకు కనబడలేదు."

కళ్ళజోడు మార్చుకోవాలి ఆవిడ.

నవంబరు 26

మూడో బెంచీలో రెండు జడల పిల్ల ఒకతి ఉంది. నేను ఏం చెప్పినా తల ఊపుతుంది. ఈరోజు గమనించాను. నా వాక్యం పూర్తయ్యేలోపే ఊపుతోంది. "కాబట్టి" అంటానో లేదో తల ఊగిపోతుంది. ఆ తర్వాత నేనేం చెబుతానో ఆ పిల్లకు ఎలా తెలుసు?

ఆ ఊపు నాకు బాగా తెలిసినదే. ఎక్కడ చూశానో గుర్తు రావడం లేదు.

నవంబరు 27

గుర్తొచ్చింది. మేడమ్ క్లాసులో నేను. డిగ్రీలో నేను. పదో తరగతిలో, ఆరో తరగతిలో నేను. మాస్టారు నా దగ్గర ఆగకుండా ముందుకు పోవాలంటే ఎంత వేగంగా ఊపాలో, కళ్ళు ఎంత పెద్దవి చెయ్యాలో నాకంటే తెలిసినవాళ్ళు లేరు. మొద్దు పిల్ల వేషం అని పేరు పెట్టుకున్నాను కానీ నేను వేసిన వేషం ఇది. ముప్పై ఏళ్ళు వేశాను. మేడమ్ గదిలో చీటీ తీసిన రోజున ఆ వేషం విప్పాను, అంతే.

ఇక రాయలేను ఈరోజు.

జనవరి 12

నత్త పాఠం చూడమని మేడమ్ వెనక బెంచీలో కూర్చోబెట్టింది. మా ఇద్దరికీ మాటల్లేవని ఆవిడకేం తెలుసు.

అతను ఒక ప్రశ్న అడిగాడు. అడిగి ఊరుకున్నాడు. పిల్లలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. నాకు కాళ్ళు చేతులు ఆగడం లేదు, జవాబు నేనే అరిచేద్దామా అనిపించింది. అతను మాత్రం గోడకు చేరగిలబడి తాపీగా పిల్లల ముందు నిలబడ్డాడు. ముందు ఒక పెన్సిల్ కదిలింది. తర్వాత ఎవరో గొణిగారు. ఇంకెవరో "కాదు కాదు" అన్నారు. అంతే, గదంతా తేనెపట్టు కదిలినట్టయింది. తప్పులు చెప్పారు, వాళ్ళలో వాళ్ళే దిద్దుకున్నారు. జవాబు చివరికి ఎవరు చెప్పారో కూడా తేలలేదు.

నా కళ్ళు తడిశాయి. ఇన్నాళ్ళూ అది నత్తనడక అనుకున్నాను. అతను పిల్లల కోసం ఆగుతున్నాడు. వాళ్ళ ఆలోచన నడిచొచ్చేదాకా అక్కడే నిలబడుతున్నాడు. నేను ఏ పిల్ల కోసమూ అంతసేపు ఆగి ఎరగను.

బాగుందని చెబుదామని లేచాను. బయట కనబడ్డాడు. చెప్పు వారు సర్దుకుంటున్నట్టు వంగి, అతను వెళ్ళేదాకా లేవలేదు. నా అహం సంగతి ఏం చెప్పను.

మార్చి 20

ఫైనల్ పాఠాలకు చీటీలు తీశారు. పరీక్షించడానికి బయటి నుంచి ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ వస్తాడు. ఆయన ముందు పాఠం పాసైతేనే సర్టిఫికెట్. తప్పితే ఆరు నెలలు ఆగి మళ్ళీ చెప్పాలి. ఆరు నెలలు ఆగితే నా క్లాసు ఉండదు.

నా చీటీ: భిన్నాల భాగహారం.

మేడమ్ జతలు కూడా కట్టింది. "మీ తోడు ముందు పాఠం ఒక్కసారన్నా చెప్పి చూసుకోండి. వస్తువులతో సహా. నా మాట వినండి." నా తోడు నత్త.

మార్చి 31

రిబ్బను చుట్ట కొన్నాను, ఎర్రది. కానుకల మీద కట్టే పువ్వులు చేయిస్తాను. ఇన్ని మీటర్ల రిబ్బను, ఒక్కో పువ్వుకి ఇంత, ఎన్ని పువ్వులు? లెక్కలన్నీ కాగితం మీద చేసుకున్నాను. బ్రహ్మాండంగా ఉన్నాయి.

నత్త రెండుసార్లు వచ్చి నిలబడ్డాడు. "అక్కా, చూడమంటావా?" అన్నాడు. "అవసరం లేదులే, నాకు అలవాటైన పాఠమే" అన్నాను. అలవాటైనదే కదా.

ఏప్రిల్ 9

రాయాలి. ఏదీ దాచుకోకుండా రాయాలి.

ఫైనల్ పాఠం, అదే వెనక వీధి స్కూలు, అదే ఆరో తరగతి. మొదట అంతా అనుకున్నట్టే నడిచింది. రిబ్బను విప్పేసరికి పిల్లల కళ్ళు వెలిగాయి. మూడు మీటర్లు, పువ్వుకి అర మీటరు, ఆరు పువ్వులు. కత్తిరించి చూపించాను, లెక్క కట్టి చూపించాను, రెండూ కలిశాయి. వెనక బెంచీలో ఎక్స్‌టర్నల్ గారు తల పంకించారు. ఆయన పక్కన మేడమ్ ముఖం వెలిగిపోతోంది. ఇక ఆఖరి లెక్క మిగిలింది. రెండు మీటర్ల రిబ్బను, పువ్వుకి ముప్పావు మీటరు. బోర్డు మీద తిరగేసి గుణించాను. రెండూ, మూడింట రెండు వంతులు. జవాబు కింద గీత కూడా గీశాను. గీసి, రెండు జడల పిల్లను పిలిచి కత్తెర చేతికిచ్చాను.

ముప్పావు కొలిచి కత్తిరించింది. ఇంకో ముప్పావు కత్తిరించింది. మిగిలిన ముక్కను మీటరు స్కేలు పక్కన పెట్టింది. బోర్డు వంక చూసింది. మళ్ళీ కొలిచింది.

"టీచర్, రెండున్నర వచ్చింది."

"రెండూ, మూడింట రెండమ్మా. బోర్డు చూడు."

"చూశా టీచర్. కానీ మిగిలింది అరే టీచర్."

ముక్క తీసుకుని నేనూ కొలిచాను. అర మీటరు. వెంట్రుకవాసి తేడా లేదు. బోర్డు మీద మూడింట రెండు, చేతిలో అర. రెండూ నన్నే చూస్తున్నాయి. లెక్క కాగితం మీద చేసుకున్నాను తప్ప ఇంట్లో ఒక్కసారైనా రిబ్బను కత్తిరించి చూసుకోలేదు. నత్త ముందు ఒక్కసారి చెప్పి ఉంటే అక్కడే బయటపడేది.

గొంతులోకి ఒక మాట వచ్చింది. అది ఇక్కడైనా రాసుకోవాలి. "కత్తిరించడంలో తేడా వచ్చిందమ్మా, వెళ్ళి కూర్చో." ఎనిమిదేళ్ళ అలవాటు, నాలుక చివరిదాకా వచ్చేసింది. ఆ పిల్ల కూడా సిద్ధపడిపోయింది. ముక్క కింద పెట్టేసి, కళ్ళు పెద్దవి చేసుకుని, తల ఊపడానికి మెడ ఎత్తింది. ఆ మెడ ఎత్తడం చూడగానే నా గుండె చెరువైపోయింది.

"ఆగమ్మా, తల ఊపకు" అన్నాను. "నువ్వు కొలిచింది కరెక్టే. నేను కూడా కొలిచాను. బోర్డు మీద లెక్క కూడా కరెక్టే. రెండూ ఎట్లా కరెక్టయ్యాయో నాకు తెలీట్లేదు. ఎవరికన్నా ఏమన్నా తోస్తోందా?"

ఫ్యాను చప్పుడు వినబడింది. మేడమ్ కళ్ళు మూసుకుంది. ఎక్స్‌టర్నల్ గారు కళ్ళజోడు నుదుటి మీదికి తోసి ఏదో గీసుకోవడం మొదలుపెట్టారు. ఆగాను. ఇంకేం చెయ్యాలో తెలియక ఆగాను.

రెండు జడల పిల్ల పక్క సీటులో కూర్చునే పొడుగు పిల్ల ఎవరినీ అడగకుండా లేచొచ్చింది. మిగిలిన ముక్క తీసి, కత్తిరించిన ముప్పావు ముక్క మీద పరిచింది. ఇద్దరూ తలలు దగ్గరగా పెట్టి పోట్లాడుకున్నారు.

"అరే కదే ఇది. నేను కొలవలా?"

"అర మీటరేనే. అర పువ్వు కాదు."

"అంటే?"

"పువ్వుకి మూడు పావులు కావాలా? ఇక్కడ ఎన్ని పావులున్నాయి?"

రెండు జడల పిల్ల ముప్పావు ముక్కను మూడు మడతలు పెట్టింది. విప్పింది. మిగిలిన ముక్కను దాని మీద పెట్టింది. అది సరిగ్గా రెండు మడతల మీదికి వచ్చి ఆగింది.

అప్పుడు ఆ పిల్ల ముఖం చూశాను. ఎలా రాయను? ముందు కనుబొమలు విడిపోయాయి. నోరు తెరుచుకుంది. ఆ ముఖంలో అప్పటిదాకా లేని మనిషి ఎవరో లోపలి నుంచి నడిచొచ్చి నిలబడినట్టైంది.

"టీచర్! మూడింట్లో రెండు! బోర్డు మీదదే టీచర్! మీటర్లతో కొలిస్తే అర, పువ్వుతో కొలిస్తే మూడింట రెండు!"

క్లాసంతా లేచి బల్ల చుట్టూ మూగింది. నన్ను ఎవరూ పట్టించుకోవడం లేదు. ఆ గుంపు వెనక మునివేళ్ళ మీద నిలబడి నేనూ చూశాను. ఎర్ర రిబ్బను మీద ఎర్ర రిబ్బను. ఏ పుస్తకంలోనూ నేను చదవని సంగతి, పదకొండేళ్ళ పిల్లల చేతుల్లో. ఇది ఎప్పటి నుంచీ ఇలాగే ఉంది. నేను పుట్టకముందు నుంచీ మూడు పావుల్లో రెండు పావులు మూడింట రెండే. లోకం ఇంత కచ్చితంగా ఉందా అని భయమేసింది, ఆ భయం చాలా బాగుంది. కళ్ళు తుడుచుకున్నాను.

బెల్లు కొట్టారు. పాఠం సారాంశం చెప్పలేదు. ఇంటిపని ఇవ్వలేదు. లెసన్ ప్లానులో సగం అలాగే ఉండిపోయింది.

ఏప్రిల్ 9, మళ్ళీ

పాఠం తర్వాత జరిగిన ఇంటర్వ్యూ సంగతి రాయలేదు. మంచినీళ్ళు తాగి వచ్చాను.

స్టాఫ్ రూములో ఎక్స్‌టర్నల్ గారు, మేడమ్. ఆయన కాగితాలు సర్దుకుని తాపీగా మొదలుపెట్టారు.

"ఒక్క మాటమ్మా. అక్కడ తెలీదన్నారు చూడండి, అది పిల్లల చేత చెప్పించడానికి వేసిన ఎత్తేనా? మీరు తెలీనట్టు నటించడంలో దిట్ట అని మేడమ్ గారు ఇందాకే చెప్పారు. ఎత్తే అయితే అంత అందంగా వేసినవాళ్ళను నేను చూళ్ళేదు, మార్కులకి చెయ్యి ఆగదు. నిజంగానే తెలీదంటే మాత్రం, విషయ పరిజ్ఞానం అని ఇక్కడ ఒక గడి ఉంది. దాంట్లో ఏం వెయ్యమంటారు?"

మేడమ్ నా వైపు చూసింది. అవునను, అవునని చావు తల్లీ అని ఆ కళ్ళు బతిమాలుతున్నాయి. నా క్లాసు కళ్ళ ముందు కదిలింది. ఊఁ అంటే చాలు. తల ఊపినా చాలు.

"నిజంగానే తెలీదండీ" అన్నాను.

ఆయన కళ్ళజోడు దించుకుని నన్ను చూశారు. "ఇప్పుడు?"

"ఇప్పుడు తెలుసండీ. ఎవరన్నా అడిగితే బాగుండుననిపిస్తోంది."

"సరే. వెళ్ళండి."

అంతే. నవ్వలేదు, కోప్పడలేదు. బయట వరండాలో నత్త తన వంతు కోసం కూర్చుని ఉన్నాడు. నేను తిన్నగా అతని ముందుకు వెళ్ళాను.

"తమ్ముడూ, ఆ రోజు మెట్ల దగ్గర అడిగావే. నాకు నిజంగానే తెలీదు. కాగితాలు చించేదాకా తెలీదు."

అతను చాలాసేపు ఆలోచించాడు. "నాకూ అంతకు ముందురోజే తెలిసిందక్కా. ఇంట్లో... రొట్టెలు తుంచుతుంటే."

ఇద్దరం పిచ్చివాళ్ళలా నవ్వాం. లోపలి నుంచి మేడమ్ ఉష్ అంది.

ఏప్రిల్ 10

అవునని ఉంటే పోయేదేముంది అని పొద్దున్నుంచి నన్ను నేను తిట్టుకుంటున్నాను. మా ఆయనకు చెబితే ఈసారి వేళాకోళం చెయ్యలేదు. స్క్రూడ్రైవరు పక్కన పెట్టి, "ఆ రిబ్బను లెక్క నాకోసారి చెప్పు" అన్నాడు. చెప్పాను. "ఆఁ, అంతేగా" అంటాడని చూశాను. అనలేదు. మిగిలిన ముక్కను తనే మడతల మీద పెట్టి, తీసి, మళ్ళీ పెట్టాడు.

మే 2

ఏమీ తెలియలేదు.

మే 16

ఏమీ తెలియలేదు. కరస్పాండెంట్ గారు ఫోన్ చేశారు. ఇంకొకావిడ దరఖాస్తు పెట్టిందట, మంచి ఆవిడేనట. "మీకోసం ఆగుతున్నానమ్మా" అన్నారు. ఎన్నాళ్ళు ఆగుతారో చెప్పలేదు.

మే 27

గట్టెక్కాను!

బొటాబొటిగా. విషయ పరిజ్ఞానం గడిలో ఆయన ఏమీ మొహమాటపడలేదు, సున్నాకు పక్కింటి అంకె వేశారు. మిగతా గడులు లాక్కొచ్చాయి. నత్త కూడా పాసయ్యాడు, అతనికి చాలా మంచి మార్కులు. "వాడు లోపలికి వెళ్ళి బయటికొచ్చేసరికి ఎక్స్‌టర్నల్ గారికి ఆకలేసి ఉంటుంది" అన్నాడు మా ఆయన.

సర్టిఫికెట్ చేతిలో పట్టుకుని చూశాను. నా పేరు, ముద్ర, సంతకం. ఉపాధ్యాయ వృత్తికి అర్హురాలు అని ఉంది. ఎనిమిదేళ్ళూ నేను ఎవరిని మరి? ఆ పిల్లలంతా ఇప్పుడు ఎక్కడున్నారో. ఎంతమంది మెడలెత్తారో, ఎంతమంది తలలూపారో, నేను బోర్డు వైపు తిరిగి ఎన్నిసార్లు చూడలేదో.

జూన్ 13

బడి తెరిచారు. కాగితం టేబుల్ మీద పెట్టాను. కరస్పాండెంట్ గారు చూసి, "ఇదొక ఫార్మాలిటీ అమ్మా" అని నవ్వి, నా క్లాసు నాకు ఇచ్చారు.

కొత్త ఆరో తరగతి. పాఠం తేలికైనదే, స్థాన విలువలు. నేను చెప్పాను. బాగానే చెప్పాను. చివర్లో అలవాటు కొద్దీ అడిగాను.

"అర్థమైందా?"

"అర్థమైంది టీచర్!"

గది దద్దరిల్లింది. నలభై తలలు ఒక్కసారి ఊగాయి. ఇన్నేళ్ళూ ఆ మాట వినబడగానే బోర్డు తుడిచేసి తర్వాతి లెక్క వేసేదాన్ని. ఈరోజు డస్టరు పక్కన పెట్టాను. బల్ల ముందుకొచ్చి నిలబడ్డాను.

"నాకు అర్థం కానివి చాలా ఉండేవి" అన్నాను. "ఇంకా ఉన్నాయి. అర్థమైందని చెప్పేసేదాన్ని. మీరు నిదానంగా ఆలోచించుకుని చెప్పండి. నాకేం తొందర లేదు."

కొందరు నవ్వారు. కొందరు పుస్తకంలో ముఖం పెట్టుకున్నారు. బయట ఎవరో పరిగెత్తుతున్న చప్పుడు వచ్చి ఆగిపోయింది. నా కాళ్ళు వెనక్కి తిరిగి బోర్డు దగ్గరికి పొమ్మంటున్నాయి. పోలేదు. ఆగాను. ఇంకా ఆగాను.

గోడ పక్క బెంచీ నుంచి ఒక సన్నని గొంతు వచ్చింది. ఆ పిల్ల లేవను కూడా లేదు, రెండు చేతులతో బల్ల అంచు గట్టిగా పట్టుకుని ఉంది.

"నాకు అర్థం కాలేదు టీచర్."

ఈ గదిలో ఎనిమిదేళ్ళు పాఠం చెప్పాను. ఒక్క పిల్ల కూడా నాతో ఆ మాట అనలేదు.

"మళ్ళీ చెప్పమ్మా" అన్నాను. మొదటిసారే నాకు బాగా వినబడింది.